తడవడానికే వెళ్దాం



ఇంటిల్లిపాదీ ఇల్లు వదిలి చెట్ల నీడకు చేరడం మనకు కొత్త కాదు. కార్తీకం రాగానే ఉసిరిచెట్టు కింద పొయ్యి వెలిగిస్తాం, విస్తళ్ళు వేస్తాం. అదే ఆషాఢ శ్రావణాల్లో ఎవరైనా ప్రయాణం మాట ఎత్తితే, "ముందు వానలు తగ్గనీ" అని ఇంట్లో పెద్దవాళ్ళు ఆపేస్తారు. వాళ్ళ భయం అర్థం చేసుకోదగిందే. చంటిపిల్లలు తడుస్తారు, జలుబు చేస్తుంది, దారులు బాగుండవు. అయినా ఈ రోజు నేను ఇంకోమాట చెప్పాలని వచ్చాను. పిల్లాపాపలతో ఒక గుడారం వేసుకుని రెండు రోజులు కొండల్లో గడపాలనుకుంటే, మన తెలుగునేల మీద వానాకాలాన్ని మించిన కాలం లేదు.

ఎండాకాలంలో గుడారంలో పగలు కూర్చోలేం. చలికాలం హాయిగానే ఉంటుంది కానీ వాగులు సన్నబడతాయి, జనం పెరుగుతారు. మృగశిర కార్తెలో తొలకరి పడి, ఆరుద్ర వచ్చేసరికి కొండ పచ్చబడుతుంది. జలపాతాలకు ప్రాణం వస్తుంది. అప్పుడు వెళ్ళాలి. వాన ఏ ప్రయాణాన్నీ పాడు చేయదు. రాత్రి పడుకునేటప్పుడు పక్కబట్టలు తడిగా ఉంటేనే ప్రయాణం పాడవుతుంది. పొడిగా ఉండాల్సిన నాలుగు వస్తువుల్ని కాపాడుకున్నామంటే మిగిలినదంతా తడవనివ్వచ్చు. మనుషులతో సహా.

ఎక్కడికి వెళ్ళాలి? విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డులో శృంగవరపుకోట దాటాక టైడా, అనంతగిరి వస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు, వాటి మధ్య నుంచి నడిచిపోయే మబ్బులు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి జూలైలో కూడా రాత్రిళ్ళు దుప్పటి కావాలి. గోదావరి జిల్లాలవాళ్ళకు రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఉంది. హైదరాబాద్ వాళ్ళకు మూసీ నది పుట్టిన వికారాబాద్ అనంతగిరి కొండలు సుమారు 80 కిలోమీటర్లే.

అడవిలో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయకూడదు. అటవీశాఖ, పర్యాటకశాఖ అనుమతించిన చోట్లు ఉంటాయి. తోటల యజమానులు కూడా కొందరు చోటిస్తారు. పులుల అభయారణ్యాల్లో చాలాచోట్ల ఈ కాలంలో సందర్శకులను అనుమతించరు, దాన్ని గౌరవించాలి.

బయల్దేరే ముందు వాతావరణ శాఖ సూచన చూడాలి. రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితే ఆ శాఖ లెక్కలో అది వానరోజు. 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి వర్షం, 64.4 వరకు మోస్తరు వర్షం. ఆపైన భారీ వర్షం. మనకు కావలసింది మొదటి రెండూ. పసుపురంగు హెచ్చరిక ఉంటే ఎప్పటికప్పుడు కనిపెట్టి చూసుకోవాలి. నారింజ, ఎరుపు రంగులు కనిపిస్తే, బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందంటే, ప్రయాణం మరో వారానికి మార్చుకోవాలి. అందులో బేరం లేదు.

సరే, చేరుకున్నాం. వాన ఏ నిమిషానైనా మొదలయ్యేలా ఉంది. గుడారం విప్పకముందే చేయాల్సిన పని ఒకటుంది. ముందు టార్పాలిన్ కట్టాలి. కళ్ళంలో ధాన్యం కుప్ప మీద రైతులు కప్పే బరకం ఉంటుంది చూడండి, అలాంటిదే. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉంటే ఒక కుటుంబానికి చాలు. రెండు చెట్ల మధ్య తలెత్తున ఒక తాడు బిగించి, దాని మీద బరకం పరిచి, ఒక వైపు బాగా దించి కట్టండి. ఏటవాలుగా ఉంటే నీళ్ళు ఒకే పక్కకు జారతాయి. బల్లపరుపుగా కడితే నడిమధ్యలో నీళ్ళు నిలిచి బరువుకు కుంగుతుంది. ఆ బరకం కింద పిల్లలు నిలబడతారు, సామాను దిగుతుంది, స్టవ్ వెలుగుతుంది. గుడారం ఆ తర్వాత తీరిగ్గా వేసుకోవచ్చు.

ఇక్కడ చిన్న కిటుకు ఉంది. తాడు వెంబడి వాననీళ్ళు పాకుతూ వచ్చి బరకం లోపలే బొట్లుబొట్లుగా పడుతుంటాయి. బరకం అంచుకు జానెడు అవతల ఆ తాడుకు ఒక పాత నూలుగుడ్డ పీలిక ముడివేసి కిందకి వేలాడదీయండి. తాడు మీద వచ్చే నీళ్ళు ఆ పీలిక దగ్గరే కిందికి దిగిపోతాయి. ఈ పని పదేళ్ళ పిల్లకు అప్పగించండి. నీళ్ళు తన మాట విని దారి మార్చుకోవడం చూసి ఆ పిల్ల మొహం ఎలా వెలుగుతుందో మీరే చూస్తారు. మరో మాట. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, కాబట్టి వాన మొదలయ్యాక మళ్ళీ బిగించాలి. కొబ్బరి తాడు, నూలు తాడు తడిస్తే బిగుసుకుంటాయి, కాబట్టి కొంచెం వదులు చేయాలి.

గుడారం పల్లంలో వేయకండి. వాగు ఒడ్డున అసలే వద్దు. ఎండిన కొమ్మలున్న చెట్టు కింద వద్దు. కాస్త మెరకగా, నీరు జారిపోయే చోటు చూసుకోండి. కింద పరిచే పట్టా గుడారం అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే అది వాననీళ్ళను పట్టి మీ పక్క కిందకే చేరుస్తుంది. గాలి తగిలే కిటికీలు పూర్తిగా మూసేయకండి. మన ఊపిరిలోని తేమే తెల్లారేసరికి లోపలి గుడ్డ మీద చెమ్మగా పేరుకుంటుంది. చాలామంది దాన్ని వాన కారిందనుకుంటారు.

ఇక పొడిగా ఉండాల్సిన నాలుగు వస్తువులు. పక్కబట్టలు, రాత్రి తొడుక్కునే దుస్తులు, అగ్గిపెట్టె, మందులు. వీటిని మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, మూతి మెలితిప్పి, బ్యాగు మధ్యలో పెట్టండి. రాత్రి దుస్తుల్ని పగలు ఎవరూ ముట్టుకోకూడదు, ఎంత తడిసినా సరే. పగలు తడిసిన జత మరునాడు కూడా తడిగానే తొడుక్కోవచ్చు. పది నిమిషాలు నడిస్తే ఒంటి వేడికి అది సర్దుకుంటుంది. కానీ రాత్రి పొడిబట్టలతో, వెచ్చగా పడుకున్న పిల్లవాడు మర్నాడు మళ్ళీ వానలోకి పరుగెత్తుకుపోతాడు. ప్రయాణమంతా నిలబడేది దీని మీదే. నూలుబట్టలు నీళ్ళు పీల్చి చల్లబడతాయి, ఆలస్యంగా ఆరతాయి. పగటికి పలచటి పాలియెస్టర్ మేలు. ఉన్ని తడిసినా వెచ్చదనం నిలుపుకుంటుంది. తెలంగాణ పల్లెల్లో గొర్రెల కాపరులు తలమీదుగా కప్పుకునే గొంగడి అందుకే తరాలుగా వానలో వాళ్ళకు తోడుగా ఉంది. మీ ఇంట్లో పాత గొంగడి ఉంటే తీసుకెళ్ళండి. దానికి మించిన దుప్పటి కొండమీద దొరకదు.

ఇప్పుడు పిల్లల సంగతి. "వానలో ఏం చేస్తారు, విసుగొస్తుంది కదా" అని అడుగుతుంటారు. వానలో చూడాల్సినవి ఎన్నో ఉన్నాయి.

తొలి చినుకులకు లేచే మట్టివాసనతో మొదలుపెట్టండి. నేలలో ఉండే ఒక రకం సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. పొడినేల మీద చినుకు పడగానే దాని కింద గాలి చిక్కుకుని, బుడగలుగా పైకి వచ్చి పగులుతుంది. ఆ తుంపరలతోపాటు వాసన గాల్లోకి లేస్తుంది. 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాలతో దీన్ని చిత్రించి చూపించారు. కుండపోతకంటే చిరుజల్లుకే తుంపరలు ఎక్కువ లేస్తాయని కూడా తేలింది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఈ మట్టివాసనను అత్తరుగా దించుతారు. పిల్లలకు ఇంత కథా చెప్పి, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాఢంగా పీల్చమనండి.

మృగశిర, ఆరుద్రల్లో వెళ్ళినవాళ్ళకు మరో అదృష్టం ఉంది. మంచి వాన పడి వెలిసిన పొద్దున, ఇసుక కలిసిన ఎర్రనేల మీద కూర్చుని కిందికి చూడండి. వేలిగోరంత ఎర్ర మఖమల్ గుడ్డముక్క నడిచి వెళ్తున్నట్టు ఆరుద్ర పురుగు కనిపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం అది మట్టిలోనే ఉండి, తొలి వానలకు జత కోసం, తిండి కోసం పైకి వస్తుంది. కాళ్ళు లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. ఎనిమిది ఉంటాయి. అంటే అది చీమకూ ఈగకూ కాదు, సాలీడుకు దగ్గర చుట్టం. వేలితో మెల్లగా తాకితే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. కాసేపు ఓపిక పడితే మళ్ళీ నడక మొదలుపెడుతుంది. మా చిన్నమ్మాయి ఆ పురుగు ముందు బోర్లా పడుకుని, అది మళ్ళీ కదిలేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. ఒకచోట నిమిషం కుదురుగా కూర్చోని పిల్ల! అగ్గిపెట్టెల్లో పెట్టి ఇంటికి తీసుకెళ్ళనివ్వకండి. అది తిరిగే మట్టిలోనే అది బతుకుతుంది.

తర్వాత వానను కొలవండి. నిలువు గోడలున్న ఒక డబ్బా, ఒక స్కేలు ఉంటే చాలు. చెట్ల కింద కాకుండా ఆరుబయట పెట్టండి. మన వాతావరణ కేంద్రాల్లో పొద్దున ఎనిమిదిన్నరకు కొలుస్తారు, మీరూ అదే సమయానికి కొలవండి. డబ్బాలో పది మిల్లీమీటర్లు ఉన్నాయనుకుందాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్ళు. మన బరకం పన్నెండు చదరపు మీటర్లు. అంటే రాత్రికి రాత్రి దాని మీద పడినవి దాదాపు 120 లీటర్లు! బరకం వాలు అంచున బకెట్టు పెడితే గిన్నెలు కడుక్కోవడానికి నీళ్ళు మోసే పనే లేదు. తరగతి గదిలో బుర్రకెక్కని లెక్క బకెట్టు నిండేసరికి దానంతటదే ఎక్కుతుంది.

కొండ మీద పుట్టల దగ్గర పుట్టగొడుగులు మొలుస్తాయి. చెదలే తమ పుట్టలో ఆ బూజును సాగుచేసి పెంచుతాయని చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. చూడండి, బొమ్మ గీయించండి. స్థానికులు గుర్తుపట్టి ఇచ్చినవి తప్ప మరేవీ వండకండి.

వంట గురించి చెప్పకుండా వానరోజు పూర్తి కాదు. గుడారం లోపల మాత్రం స్టవ్ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. బరకం కింద, నాలుగు వైపులా గాలి ఆడేచోట వండండి. ఒక్క గిన్నెలో అయ్యే వంటలు ఎంచుకోండి. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పెసరపప్పు కిచిడీ, దాంట్లోకి ఆవకాయ, ఇంటి నుంచి వేయించి డబ్బాలో మూతపెట్టి తెచ్చుకున్న వడియాలు. సాయంత్రం ఉప్పు వేసి ఉడికించిన వేరుశనక్కాయలు. దారిలో కొన్న మొక్కజొన్న పొత్తులు నిప్పుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది ఇస్తే ఎవరూ మాట్లాడరు. రాత్రి మిరియాల చారు గ్లాసుల్లో పోసి తాగండి. వానకు అందరూ ఒకే కప్పు కింద చేరతారు కాబట్టి వంట ఒక్కరి పని కాకుండా పోతుంది. ఒకరు ఉల్లిపాయలు తరుగుతారు, ఒకరు పొత్తులు ఒలుస్తారు, తాతగారు పప్పులో రాళ్ళు ఏరుతారు. ఇంట్లో వంటింటి గడప దాటని మగపిల్లలు ఇక్కడ గరిటె పట్టుకోవడం నేను చూశాను. అమ్మ కూడా సెలవు గడపడానికే వచ్చిందని అందరికీ గుర్తుండాలి.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన మాటలు. మెరుపు కనిపించగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ఉరుము వినిపించేదాకా గడిచిన సెకన్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో సుమారుగా తెలుస్తుంది. ముప్పై సెకన్లలోపే ఉరిమిందంటే ఆటలు ఆపేయాలి. గుడారం పిడుగు నుంచి కాపాడదు, చెట్టు అసలే కాపాడదు. పక్కా భవనంలోకి గానీ, పైకప్పు ఉన్న కారులోకి గానీ వెళ్ళి అద్దాలు మూసుకోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే బయటికి రావాలి. పిడుగుల సమాచారానికి దామిని అనే యాప్ ఉంది, బయల్దేరే ముందే ఫోన్లో వేసుకోండి. సిగ్నల్ లేనిచోట మాత్రం లెక్కే దిక్కు.

వాగు దగ్గర మరింత జాగ్రత్త. మీరున్న చోట ఎండ కాస్తున్నా, పైన కొండల్లో కురిసిన వాన కాసేపటికి వాగులోకి దిగుతుంది. నీటి రంగు మారి బురదగా వచ్చినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, చెప్పులు వెతుక్కోకుండా వెంటనే గట్టెక్కండి. పారే వాగును కారుతో దాటే సాహసం ఎన్నడూ వద్దు. రాత్రిళ్ళు గుడారం జిప్పు పూర్తిగా వేసి ఉంచండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద నిద్రపోతున్నవాళ్ళను కాటేస్తుంది, చాలాసార్లు ఆ కాటు నొప్పే తెలియదు. టార్చి లేకుండా అడుగు బయట పెట్టకండి. బూట్లు దులిపి తొడుక్కోండి. అనుమానం వస్తే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరండి. దగ్గరలో ఆసుపత్రి ఎక్కడుందో, ఫోన్ ఎక్కడ పలుకుతుందో చేరిన రోజే కనుక్కుని ఉంచుకోవాలి. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ జాగ్రత్తలు తెలిసిన కుటుంబం ధైర్యంగా, స్వేచ్ఛగా తడవగలదు.

సాయంత్రం ఆరవుతుంది. వాన వదలదు. గుడారం మీద చినుకుల చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. చాలా కొండ ప్రాంతాల్లో ఫోన్లు పలకవు. సరిగ్గా ఇక్కడే వానాకాలపు క్యాంపు తన అసలు బహుమతి ఇస్తుంది. ఎండ ఉంటే తలా ఒక దిక్కుకు పోయేవాళ్ళం, వాన మనందరినీ ఒక్కచోట కూర్చోబెట్టింది.

మా అత్తగారు ఒకసారి ఇలాంటి వేళ సుద్దముక్క అడిగి, పట్టా మీద పులిజూదం గీశారు. ఒక త్రికోణం, దాని మీదుగా అడ్డగీతలు. మూడు పెద్ద గులకరాళ్ళు పులులు, పదిహేను చిన్నవి మేకలు. పులులకు మేకల్ని దూకి తినడం పని, మేకలకు పులుల్ని కదలకుండా కట్టేయడం పని. మా అబ్బాయి పులులు తీసుకున్నాడు. ఆమె ఒక్కో మేకనూ తొందర లేకుండా పెడుతూ, నాలుగు మేకలు పోయినా పట్టించుకోకుండా, చివరికి మూడు పులుల్నీ ఒక మూలకు తోసి కట్టేశారు. "నానమ్మా, ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అని వాడు అడిగాడు. అప్పుడు ఆమె గుడి అరుగు మీద చెక్కిన పులిజూదం గురించి, వానాకాలం మధ్యాహ్నాల గురించి, తన అన్నదమ్ముల గురించి చెప్పడం మొదలుపెట్టారు. అన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా ఆ కబుర్లు మాకెవరికీ తెలియవు. అడగడానికి మాకూ, చెప్పడానికి ఆమెకూ తీరిక చిక్కలేదు. ఆ తీరికను మాకు ఆ వాన ఇచ్చింది.

మజిలీకీ కథకూ ఉన్న సంబంధం మన సాహిత్యంలో పాతదే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో, కాశీకి నడిచి వెళ్తూ మణిసిద్ధుడు తన వెంట వచ్చిన గోపాలకుడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. దారిలో ఆ కుర్రవాడు చూసిన వింత ఏదో అడుగుతాడు, అక్కడినుంచి కథ పుడుతుంది. మీ గుడారంలోనూ ఆ పద్ధతే పెట్టండి. ఆ రోజు ఏ వింత చూశావని ఒక్కొక్క పిల్లనూ, పిల్లవాడినీ అడగండి. ఆరుద్ర పురుగు కావచ్చు, తాడుకు కట్టిన పీలిక కావచ్చు. దాని మీద పెద్దవాళ్ళలో ఒకరు కథ అల్లాలి. కథ రానివాళ్ళు పొడుపుకథ వేయాలి. అంత్యాక్షరికి గొంతు బాగుండాల్సిన పనే లేదు, వాన చప్పుడులో అన్ని గొంతులూ కలిసిపోతాయి.

తిరిగి వచ్చాక పని ఒకటి మిగులుతుంది. గుడారాన్నీ, బరకాన్నీ తడిగా మడిచి అటక మీద పడేయకండి, బూజు పట్టి పాడవుతాయి. ఎండ వచ్చిన రోజు డాబా మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. పిల్లల చేతే తాళ్ళు చుట్టించండి, మేకులు లెక్కపెట్టించండి. చెత్త ఒక్క ముక్క కూడా కొండమీద వదలకుండా వెంట తెచ్చే బాధ్యత కూడా వాళ్ళకే ఇవ్వండి.

ఆరుద్ర తర్వాత పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ కార్తెలు కూడా ఉన్నాయి. ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు, ఒక్కోదానికి వాన తీరు వేరు. వీటిలో ఒక శని, ఆదివారం మీ ఇంటివాళ్ళందరికీ కుదిరేది ఎంచుకుని, ఈ రాత్రే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. తాతయ్యలనూ, నానమ్మలనూ, అమ్మమ్మలనూ తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. వాళ్ళ దగ్గర చెప్పాల్సింది చాలా ఉంది, వినే తీరిక మీరు కల్పించాలి.